పొగ లేని వెసూవియస్

ముందు గొడుగులా విచ్చుకున్న పైన్ చెట్టు, కింద వంపు తిరిగిన సముద్రం, దూరంగా జంట శిఖరాల కొండ, దాని నెత్తిన పొగ. పాత చిత్రాల్లో చూసి చూసి ఇటలీలోని నేపుల్స్ అంటే ఇదే అనుకున్నాను. వెళ్లి చూస్తే అన్నీ ఉన్నాయి, పొగ తప్ప. ఆ కొండే వెసూవియస్ అగ్నిపర్వతం, 1944 విస్ఫోటనం తర్వాత మళ్లీ నోరు తెరవలేదు.

మొదటి రెండు రాత్రులు స్టేషన్ దగ్గర చవక గదిలో దిగాం. కిటికీ తెరిస్తే ఎదురింటి గోడ, తెల్లవార్లూ స్కూటర్ల మోత. లిఫ్టులో నాణెం వేస్తేనే కదులుతుంది. ఇక్కడి పాత భవనాల్లో ఇది మామూలేనట. ఆ సంగతి గది యజమాని ముందే చెప్పి ఉంటే పెట్టెలు మోస్తూ నాలుగంతస్తులు ఎక్కేవాళ్లం కాదు. మూడో రోజు ఎత్తు మీది వొమెరో పేటకు మారాం. అద్దె ఎక్కువే, కానీ కంటినిండా నిద్ర పట్టింది.

అక్కడి నుంచి శాన్ మార్టినోకు నడిచే వెళ్లవచ్చు. ఒకప్పటి మఠం, ఇప్పుడు మ్యూజియం. నేను వెతుక్కుంటూ వచ్చిన పొసిల్లిపో చిత్రకారులు, అంటే ఊరి తీరంలోని ఆ పేటను బట్టి పేరొచ్చిన పందొమ్మిదో శతాబ్దపు ప్రకృతి దృశ్య చిత్రకారులు, అక్కడ ఉన్నారు: హాలండ్ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన పిట్లో, ఆయన శిష్యుడు జచింతో జిగాంతే. ఊరు చూడవచ్చిన విదేశీయులు జ్ఞాపకంగా కొనుక్కుపోయేందుకు వీలైన చిన్న చిత్రాలు ఎన్నో గీశారు. జిగాంతే కామెరా లూసిడా అనే పట్టకంలోంచి చూస్తూ దృశ్యం అంచులను కాగితం మీద గుర్తించుకునేవాడు. కొండ వాలు అంత కచ్చితంగా ఉన్నా, ఆకాశం దగ్గరికి వచ్చేసరికి నీటిరంగులను స్వేచ్ఛగా పారనిచ్చాడు. ఒక్క చిత్రం ముందే అరగంట నిలబడిపోయాను. బయట ముంగిట్లోంచి అదే సముద్రం ఉచితంగా కనిపిస్తుంది. దిగేటప్పుడు పెదమెంతీనా మెట్ల దారి పట్టండి. మెట్లు 414, మోకాళ్లు బాగుంటేనే.

1281 మీటర్ల వెసూవియస్ శిఖరం మాత్రం నన్ను నిరాశపరిచింది. బస్సు దాదాపు వెయ్యి మీటర్ల దాకా వెళ్తుంది, మిగతాది కంకర దారి. సమయం ఎంచుకుని ఆన్‌లైన్‌లో ముందే టికెట్ కొనాలి. అక్కడే కొనవచ్చని వచ్చిన ఒక కుటుంబం వెనక్కి వెళ్లడం చూశాం. బిలం గోడల మీద అక్కడక్కడ సన్నని ఆవిరి, కింద మంచు తెర. కొండ మీద నిలబడితే కొండ కనిపించదు కదా!

ఒక్క రోజే ఉంటే శిఖరం వదిలేసి, సాయంత్రం పొసిల్లిపోలోని సంత్ ఆంతోనియో చర్చి ముందున్న వసారాకు వెళ్లండి. టికెట్ లేదు. మా అమ్మాయి అక్కడే కూర్చుని నోటుపుస్తకంలో కొండను గీసి, పైన పొగ కూడా పెట్టింది.

“పొగ లేదు కదమ్మా?” అన్నాను.

“అది లేకపోతే మన సింహాచలం కొండ అనుకుంటారు నాన్నా” అంది.