నాంపల్లిలో అరగంట లంచ్: మెస్సా, బిర్యానీనా, కర్రీ పాయింటా?

మా ఆఫీసు నాంపల్లి స్టేషన్ రోడ్డు పక్క సందులో. లంచ్ టైము ఒకటిన్నర నుంచి రెండు. లిఫ్టు దగ్గర నాలుగు నిమిషాలు, రోడ్డు దాటడానికి ఇంకో నాలుగు పోతాయి. జనవరిలో ఇక్కడి గ్రౌండ్స్‌లో నుమాయిష్, అదే ఎగ్జిబిషన్, మొదలైతే ఆ నెలన్నరా ఎంత పడుతుందో చెప్పలేం. పోగా మిగిలేది ఇరవై నిమిషాలు. ఈ చుట్టుపక్కల తిండికి కరువు లేదు, కరువల్లా టైముకే. అందుకని రుచి సంగతి నేను తర్వాత చూస్తాను. తినొచ్చాక మూడింటికి తల ఫైలు మీద వాలుతుందా లేదా, ముందు అది తేలాలి.

ఆకలి దంచేస్తుంటే మెస్సుకే పోతాం. కౌంటర్‌లో డబ్బు కట్టి టోకెన్ తీసుకుని, ఎవరి టేబుల్లోనో ఖాళీ కుర్చీ చూసుకుని కూర్చోవాలి. మేం పోయే మెస్సులో వడ్డించే పెద్దాయన గోదావరి వైపు మనిషి. కందిపొడి మీద నెయ్యి చుక్క వేసి, మనం కలుపుకునేలోపే పప్పు గరిటెతో మళ్లీ వస్తాడు. "ఇంకొంచెం వేయించుకోండి సార్, గోంగూర బాగుంది ఇయ్యాళ" అంటాడు. వద్దనడానికి నోరు రాదు. పప్పన్నం, కూరన్నం, సాంబారన్నం అయి పెరుగు దగ్గరికొచ్చేసరికి మన కుర్చీ వెనక చెయ్యి వేసి ఒకాయన నిలబడి ఉంటాడు. ఆయన చూపు వీపుకు తగులుతూనే ఉంటుంది. ఆ పెరుగన్నం నేను ఒక్కనాడూ నిదానంగా తిన్నది లేదు.

మెస్సులో కిటుకు ఒకటుంది. కూర్చుని తింటే ఫుల్ మీల్స్ ఒకరికే. పార్శిల్ కట్టించుకుంటే మా మెస్సువాళ్లిచ్చే అన్నం ఇద్దరికి సరిపోతుంది. పక్క సీటు అన్నతో కలిసి ఒకటి తెప్పించుకుంటే ఖర్చు సగం, వీపు వెనక మనిషి బాధ లేదు. కాకపోతే అప్పడం మెత్తబడిపోతుంది, రెండోసారి నెయ్యి వేసేవాడూ ఉండడు. ప్లేట్ మీల్స్ చెప్పి లెక్కగా తినొచ్చు కదా అంటారు. పెద్దాయన పక్క టేబుల్‌కి బకెట్ పట్టుకుని పోతుంటే చూస్తూ కూర్చోవడం నావల్ల కాదు.

బిర్యానీకి వద్దాం. ఆబిడ్స్‌లో గ్రాండ్ హోటల్ 1935 నుంచీ ఉంది, ఇరానీల చేతుల మీద మొదలైంది. శాకాహారులకు అక్కడే తాజ్‌మహల్ హోటల్, అదీ పాతదే. రెండిటిమీదా నాకు గౌరవమే. కానీ మా ఆఫీసు నుంచి నడిచి పోయి రావడానికే అరగంట అయిపోతుంది, ఇక తినేదెప్పుడు? అవి రెండో శనివారానికీ, ఊర్నుంచి చుట్టాలొచ్చినప్పటికీ. దగ్గర్లోనూ బిర్యానీ హోటళ్లు ఉన్నాయి. సింగిల్ చెబితే ఇద్దరం తినగా మిగులుతుంది. మిర్చీ సాలన్, పెరుగు చట్నీ మళ్లీ అడిగినా విసుక్కోరు. రుచిలో దీన్ని కొట్టేది లేదని ఒప్పుకుంటాను. అసలు చిక్కు తర్వాత మొదలవుతుంది. పోయిన నెల బిర్యానీ తినొచ్చి, ఒకే ఉత్తరానికి రెండుసార్లు నంబరు వేశాను. మా సూపరింటెండెంట్ మేడమ్ ఏమీ అనలేదు, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి నావైపు జరిపింది. అప్పట్నుంచి బిర్యానీ శుక్రవారానికే, అదీ మధ్యాహ్నం పని తక్కువున్న శుక్రవారానికి.

ఐదు రూపాయల భోజనం సంగతి మా ఆఫీసులో ఎవరూ ఎత్తరు. 2014లో జీహెచ్‌ఎంసీ, హరే కృష్ణ వాళ్లు కలిసి అన్నపూర్ణ పేరుతో మొదలుపెట్టారు, ఇప్పుడు ఇందిరమ్మ క్యాంటీన్ అంటున్నారు. అన్నం, సాంబారు, ఒక కూర, పచ్చడి. వేరేచోట వండి బండిలో తెస్తారు. నేను తిన్నాను. అన్నం వేడిగా ఉంది, సాంబారు పలచన, కడుపు నిండింది, మూడింటికి నిద్రా రాలేదు. నా లెక్క ప్రకారం అదే గెలవాలి. కానీ ఆ లైన్లో నా వెనక నిలబడ్డావిడ చేతిలో ఆసుపత్రి ఎక్స్‌రే కవరుంది. మేం పోయే టైముకి గిన్నె అడుగు కనిపిస్తుంటుంది. మెస్సుకు పోగలిగినవాణ్ణి ఆ ప్లేటు అందుకోవడం నాకే బాగుండదు. జేబు ఖాళీ అయిన రోజు మాత్రం మొహమాటపడను.

చివరికి మేం నలుగురం కుదురుకున్నది కర్రీ పాయింట్ దగ్గర. అన్నం ఎవరి ఇంటి నుంచి వాళ్లది, పెరుగూ ఇంటిదే. కూరలు మాత్రం వంతులేసుకుని కొంటాం. ఒకరు పప్పు, ఒకరు వేపుడు, ఒకరు పులుసు, నాలుగోవాడు రసం. కూర్చుని తినడానికి పదిహేను నిమిషాలు మిగులుతాయి. ఎంత అన్నం తినాలో పొద్దున ఇంట్లో డబ్బా సర్దేటప్పుడే తేలిపోతుంది కాబట్టి మూడింటికి కళ్లు తెరుచుకునే ఉంటాయి. మెస్సు భోజనంతో పోలిస్తే తలా ఒక్కరికి పడేది సగానికన్నా తక్కువే.

తంటాలు లేవని కాదు. వేపుడులో నూనె ఎక్కువ, ప్యాకెట్ ఒక పక్కకి వంచితే వేలెడు మందాన తేలుతుంది. అది వంపేసి తింటాం. వేడి సాంబారు పాలిథిన్ కవర్లో పోసి రబ్బరు బ్యాండ్ వేసిస్తారు. ఒకసారి అది నా బ్యాగులోనే ఊడి, వారం రోజులు గొడుగు ఇంగువ వాసన కొట్టింది. అప్పట్నుంచి స్టీలు డబ్బా పట్టుకుపోతున్నాను. పన్నెండున్నర దాటితే దొండకాయ వేపుడు ఉండదు. "అయిపోయింది అన్నా, ఆలుగడ్డ ఉంది, కట్టనా?" అంటుంది కర్రీ పాయింట్ ఆమె. ఆలుగడ్డ తెచ్చినవాడికి ఆ రోజు ముగ్గురి చేతా తిట్లే. అందుకే వేపుడు వంతు ఉన్నవాడు పన్నెండుంబావుకే ఏదో ఒక ఫైలు పట్టుకుని కిందికి దిగుతాడు. రేపు ఆ వంతు నాది.