కోర్టుకెక్కడమా, కేసులు పోగేసి పోరాడటమా: అన్యాయమైన రూల్ మార్చాలంటే ఏది మేలు?

బ్రిటన్‌లో అద్దె బకాయి పడినా, ప్రభుత్వ సాయం ఆగిపోయినా చాలామంది వెళ్లేది సిటిజన్స్ అడ్వైస్ దగ్గరికే. 1939 సెప్టెంబరులో, యుద్ధం మొదలైన రోజుల్లోనే పుట్టిన సంస్థ. ఉచితంగా సలహా చెప్పడం దాని పనిలో సగమే. ఒకే చిక్కుతో పదేపదే జనం వస్తుంటే, ఆ కేసులన్నీ పోగేసి రూల్ మార్చమని ప్రభుత్వాన్ని నిలదీయడం మిగతా సగం. పిల్లల పేదరికంపై పోరాడే, 1965లో మొదలైన చైల్డ్ పావర్టీ యాక్షన్ గ్రూప్ కూడా ప్రచారం చేస్తుంది గానీ, దాని అసలు బలం కోర్టు కేసులు.

కోర్టు దారి ఎంత బాగా పనిచేస్తుందో ఒక కేసు చాలు చెప్పడానికి. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు యూనివర్సల్ క్రెడిట్ పేరుతో ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయానికి ఒక్కొక్కరికి ఒక్కో తేదీ నుంచి నెల లెక్కేస్తారు. ఒక తల్లికి 30 నుంచి మరుసటి నెల 29 దాకా అనుకోండి. నవంబరు జీతం 30న పడింది. డిసెంబరు 31 ఆదివారం కాబట్టి ఆ నెల జీతం శుక్రవారం 29నే పడింది. ఒకే లెక్కలోకి రెండు జీతాలొచ్చాయి, సాయం పడిపోయింది. మరుసటి లెక్కలో జీతమే లేదు కాబట్టి జీతంలో కొంత లెక్కేయకుండా వదిలేసే మినహాయింపు ఆ నెల వృథా. తన తప్పేమీ లేకుండా ఇల్లు తలకిందులవుతుంది. నలుగురు ఒంటరి తల్లులు కోర్టుకెళ్లారు. దీన్ని సరిచేయకపోవడం అర్థంలేనిదని 2020 జూన్‌లో అప్పీలు కోర్టు తేల్చింది. నవంబరులో రూల్ మారింది.

కానీ ప్రభుత్వం కావాలనే పెట్టిన రూల్ ముందు కోర్టు చేతులెత్తేస్తుంది. 2017 ఏప్రిల్ 6 నుంచి పుట్టిన మూడో బిడ్డకు సాయం లేదన్న నిబంధనపై చైల్డ్ పావర్టీ యాక్షన్ గ్రూప్ సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2021లో ఓడింది. అది పార్లమెంటు తేల్చుకోవాల్సిన సంగతి అన్నారు. చివరికి 2025 నవంబరు బడ్జెట్‌లో రద్దు ప్రకటించారు. ఏళ్ల తరబడి ప్రచారం సాగాకే ఆ రోజొచ్చింది.

కేసులు పోగేసే దారిలో గెలుపు త్వరగా వస్తుంది, కాకపోతే అరకొరగా. 2017లో యూనివర్సల్ క్రెడిట్ హెల్ప్‌లైన్‌కు మొబైల్ నుంచి చేస్తే నిమిషానికి 55 పెన్నీల దాకా పడేది. చేతిలో డబ్బుల్లేకే ఫోన్ చేసేవాళ్ల దగ్గర! సలహా సంస్థలు, ఎంపీలు గట్టిగా పట్టుబట్టాక అక్టోబరులో ఉచితం చేస్తామన్నారు. మొదటి డబ్బుకు ఆరు వారాలు ఆగాల్సింది అయిదు వారాలైంది. ఆ అయిదు వారాలు ఖాళీ కడుపుకి తక్కువేం కాదు. ఇంకో ఇబ్బంది: 2019 నుంచి దరఖాస్తులకు సాయం చేసే పనికి సిటిజన్స్ అడ్వైస్ ప్రభుత్వ నిధులే తీసుకుంది. డబ్బిచ్చే చేతినే నిలదీయడం కత్తి మీద సాము.

అయినా నా ఓటు కేసులు పోగేసే దారికే. కోర్టుకెళ్లే కేసైనా ముందు ఎవరో ఒకరు సలహా బల్ల దగ్గర గుర్తుపట్టాల్సిందే. ప్రభుత్వం తనే సమర్థించుకోలేని పిచ్చి లెక్కలకు కోర్టు, మిగతా వాటికి ప్రచారం.

అక్కడున్న మన తెలుగువాళ్లలో స్టూడెంట్, వర్క్ వీసాల మీదున్నవారికి ఇలాంటి సాయాలు సాధారణంగా రావు గానీ, సలహా అందరికీ ఉచితమే. పేరులో సిటిజన్స్ ఉందని వెనకాడకండి. అద్దె డిపాజిట్ ఇవ్వకపోయినా, జీతం ఎగ్గొట్టినా వెళ్లండి. మీ పేరు లేకుండా మీ కేసును వాడుకోవచ్చా అని అడిగితే సరేననండి.