షేక్స్పియర్ కూర్చున్న బడిలో ఒక పూట

ఇంగ్లండ్‌లోని స్ట్రాట్‌ఫర్డ్‌లో ఒక్క పూటే టైముంది, ఏం చూడమంటారని ఎవరైనా అడిగితే నేను షేక్స్పియర్ పుట్టిన ఇంటి పేరు చెప్పను. ఆయన చదివిన బడికి వెళ్ళమంటాను.

బర్మింగ్‌హామ్‌లో మా తమ్ముడి ఇంటికి వెళ్ళినప్పుడు ఒక శనివారం బయల్దేరాం. నేను, తమ్ముడు, పదేళ్ళ మేనల్లుడు. మూర్ స్ట్రీట్ స్టేషన్‌లో ఎక్కితే గంటలోపే స్ట్రాట్‌ఫర్డ్. స్టేషన్ నుంచి ఊళ్ళోకి పది నిమిషాల నడక. చూడాల్సినవన్నీ దగ్గర దగ్గరే కాబట్టి కారు తీసుకెళ్ళి పార్కింగ్ కోసం తిరిగే కన్నా రైలే సుఖం.

బస మాత్రం కలిసిరాలేదు. ఊరి మధ్యలోనే అని చూసి ఒక గెస్ట్‌హౌస్ బుక్ చేశాం. తీరా చూస్తే ఇరవై నిమిషాల నడక. మెట్లు నిచ్చెనలా ఉన్నాయి, సూట్‌కేసు పైకి చేర్చేసరికి తమ్ముడికి ఆయాసం వచ్చింది. రాత్రి పది దాటాక హీటర్ ఆగిపోయింది. పొద్దున శాకాహారులకి బీన్స్, టోస్టు, పుట్టగొడుగులు. కడుపైతే నిండింది. మళ్ళీ వెళ్తే మాత్రం బర్మింగ్‌హామ్‌లోనే ఉండి పొద్దున్నే రైలెక్కుతాను.

హెన్లీ స్ట్రీట్‌లో పుట్టిన ఇల్లు చూశాం. చూడాల్సిందే, కానీ జనంతో పాటు కదులుతూ చూడాలి. వెనక తోటలో ఠాగూర్ విగ్రహం కనబడితే ఊరివాడు ఎదురైనట్టు అనిపించింది. షేక్స్పియర్ పెద్దయ్యాక కొనుక్కున్న న్యూ ప్లేస్ అనే ఇల్లు ఇప్పుడు లేదు. తర్వాతి యజమాని అయిన ఒక పాస్టర్ 1759లో దాన్ని కూలగొట్టించేశాడు. మిగిలింది తోటే.

అక్కడికి నాలుగడుగుల్లో చర్చ్ స్ట్రీట్, అందులో ఆ బడి ఉన్న భవనం, గిల్డ్‌హాల్. నల్లటి కర్ర చట్రాల మధ్య తెల్లటి గోడలు, పై అంతస్తు వీధి మీదకి కాస్త తొంగిచూస్తున్నట్టుంటుంది. 1420 ప్రాంతంలో హోలీ క్రాస్ గిల్డ్ అనే భక్తసంఘం కట్టించింది. ఆ సంఘం నీడలోనే బడీ పెరిగింది. 1482లో థామస్ జాలిఫ్ అనే ఆయన మాన్యం రాసిచ్చి, మాస్టారు పిల్లల దగ్గర ఫీజు తీసుకోకూడదని షరతు పెట్టాడు. జిల్లా పరిషత్ బడిలో ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతున్నదాన్ని, ఆ బోర్డు దగ్గర రెండుసార్లు ఆగి చదివాను. 1547లో గిల్డ్ రద్దయింది, దాని ఆస్తులు రాజు చేతికి పోయాయి. ఊళ్ళోవాళ్ళు పట్టుబట్టి 1553లో రాజు ఆరో ఎడ్వర్డ్ చేత కొత్త పత్రం రాయించుకున్నారు. బడికి ఆ రాజు పేరే. అప్పటికి ఆయన వయసు పదిహేను, పత్రం ఇచ్చిన కొద్ది రోజులకే చనిపోయాడు.

మాస్టారికి ఏడాదికి 20 పౌండ్లు జీతం, ఉండటానికి ఇల్లు. ఆ కాలానికి మంచి జీతమే. పిల్లల సంగతి వేరు. వేసవిలో పొద్దున ఆరింటికల్లా బడిలో ఉండాలి, సాయంత్రం దాకా లాటిన్ వల్లె వేయాలి, తప్పితే బెత్తం. ఇది విని మావాడు ఎలెవెన్ ప్లస్ ట్యూషన్ గురించి సణగడం ఆపాడు. గ్రామర్ స్కూల్ సీటు కోసం రాసే ఆ పరీక్ష అంటే అక్కడి మనవాళ్ళ ఇళ్ళల్లో ఇక్కడి ఎంసెట్ ఏడాదంత టెన్షన్. ఈ బడిదీ అదే పరీక్ష, ఇదీ ఫీజు లేని గ్రామర్ స్కూలే, ఇప్పటికీ నడుస్తోంది. పై తరగతుల్లోకి ఆడపిల్లల్ని తీసుకోవడం 2013లో మొదలైంది.

షేక్స్పియర్ ఇక్కడ చదివాడనడానికి హాజరుపట్టీ లేదు, ఆ కాలపు రికార్డులే మిగల్లేదు. కానీ తండ్రి జాన్ 1568లో ఊరికి బెయిలిఫ్, అంటే మేయర్ లాంటివాడు. ఊళ్ళో ఉచితంగా చెప్పే బడి ఉండగా అలాంటివాడి కొడుకు ఇంకెక్కడికి వెళ్తాడు? నాకు ఇంకా నచ్చింది కింది హాలు కథ. 1569లో ఊరికి రెండు నాటక బృందాలు వచ్చాయి. ఊరి ఖజానా నుంచి ఒకదానికి 9 షిల్లింగులు, రెండోదానికి 1 షిల్లింగ్ ఇచ్చారు. ఆటకి అనుమతి ఇచ్చింది జానే. కొడుక్కి అప్పుడు ఐదేళ్ళు. మన ఊళ్ళో నాటకాల రాత్రి ముందు వరసలో చాప మీద కూర్చున్న ప్రెసిడెంటు గారి అబ్బాయే గుర్తొచ్చాడు.

తరగతి గది మేడ మీద. పైన పెద్ద దూలాలు, నడిస్తే కిర్రుమనే చెక్క నేల. పాతకాలపు గౌను వేసుకున్న మాస్టారు మమ్మల్ని బెంచీల మీద కూర్చోబెట్టి లాటిన్ మాటలు చెప్పించారు. బెంచీకి ఆనుకునే వీపు లేదు, పది నిమిషాలకే నా నడుం పట్టేసింది. తర్వాత ఈకకలం, సిరా ఇచ్చారు. మావాడు సిరా ఎక్కువ ముంచాడు, పేరులో మొదటి అక్షరం దగ్గరే పెద్ద మరక. "అత్తా, ఎరేజర్ ఇస్తారా?" అన్నాడు గుసగుసగా.

సందర్శకులకి ఈ భవనం తలుపులు తెరిచింది 2016లోనే, బాగుచేయించాక. బడి పిల్లలు ఇప్పటికీ వాడుకునే గది కాబట్టి వేళలు చూసుకుని వెళ్ళండి. ఇక్కడ తొందరపడకుండా గంటన్నర పెట్టుకోండి. గైడ్లు ఓపికమంతులు, మావాడి ప్రశ్నలు ఒక్కటీ వదల్లేదు.

బయటికొచ్చాక పక్కనే ఉన్న గిల్డ్ చాపెల్ మరిచిపోవద్దు, టికెట్టు లేదు. గోడ మీద తుది తీర్పు బొమ్మలు వెలిసిపోయి కనిపిస్తాయి. ఇంగ్లండ్ కేథలిక్ నుంచి ప్రొటెస్టెంట్‌కి మారిన రోజుల్లో వాటిని చెరిపెయ్యమని ఆర్డరొస్తే సున్నం కొట్టించారు. 1560లలో ఆ పనికైన రెండు షిల్లింగులు ఊరి లెక్కల్లో రాసింది జాన్ షేక్స్పియరే. ఆ సున్నం కిందే బొమ్మలు బతికాయి. మావాడు వేలి మరక చూసుకుంటూ, "మరి నా పేపర్ మీద కూడా సున్నం కొడదామా?" అన్నాడు.