గ్రాంప్స్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది తాళం గుర్తు

వంశవృక్షం గీసే ప్రోగ్రామ్‌లు చాలానే ఉన్నాయి. ఇన్నేళ్లుగా నేను గ్రాంప్స్ వదలకపోవడానికి కారణం మాత్రం ఒక్కటే, అందులోని తాళం గుర్తు. మనిషి మొత్తానికే కాదు, ఒక చిరునామాకు, ఒక ఫొటోకు, ఒక నోట్‌కు విడివిడిగా తాళం వేయొచ్చు. ఫైల్ బయటికి తీసేటప్పుడు ప్రైవేట్ వివరాలు వద్దని టిక్ పెడితే తాళం ఉన్నవన్నీ ఆగిపోతాయి.

బతికున్నవాళ్లను దాచే ఏర్పాటు దీనికి అదనం. మరణం వివరం లేకపోతే వయసును బట్టి, పుట్టిన తేదీ కూడా తెలియకపోతే దగ్గరి బంధువుల తేదీలను బట్టి మనిషి ఉన్నట్టా లేనట్టా అని అదే లెక్కగడుతుంది. గరిష్ఠ వయసు మామూలుగా 110 ఏళ్లు, కావాలంటే మార్చుకోవచ్చు. దీని గురించి అడిగినవాళ్లందరికీ గొప్పగా చెప్పేదాన్ని. ఇప్పటికీ చెబుతాను, కాకపోతే నోట్స్ సంగతి కూడా కలిపి చెబుతాను.

ఎందుకంటే, బతికున్నవాళ్లందరినీ తీసేసిన ఫైల్‌నే నేను ఒక వంశవృక్షాల సైట్‌లో పెట్టాను. కొన్నాళ్లకు మా పెద్దమ్మ కూతురు ఫోన్ చేసింది. "ఏమే, నా పేరు, నేను ఉండే ఊరు, పిల్లల పేర్లు అన్నీ నెట్‌లో కనిపిస్తున్నాయి, ఎలా?" అని అడిగింది. గొంతులో టెన్షన్ తెలుస్తోంది. వెళ్లి చూస్తే వృక్షంలో అక్క పేరు ఎక్కడా లేదు. ఉన్నది పెద్దనాన్న పేజీలో. ఆయన పోయినప్పుడు పేపర్లో వేయించిన ప్రకటనను ఎవరో బంధువు తన ఫైల్‌లో నోట్‌గా ఎక్కించుకున్నారు, ఆ ఫైల్ కలిపినప్పుడు అది నా దగ్గరికి వచ్చింది. అలాంటి ప్రకటనల్లో పోయినవాళ్ల గురించి రెండు ముక్కలుంటే, ఉన్నవాళ్ల గురించి పది ఉంటాయి. ఏ కూతురు ఎక్కడ ఉంటోంది, అల్లుడు ఏం చేస్తాడు, మనవలు ఎవరు, అన్నీ. పెద్దనాన్న లేరు కాబట్టి ఆయన పేజీ అందరికీ తెరిచి ఉంటుంది. నోట్‌లోని మాటలు ఎవరి గురించో ప్రోగ్రామ్ చదివి చూడదు.

తల్లి పుట్టింటి ఇంటిపేరు అడిగి మనిషిని గుర్తుపట్టే బ్యాంకులు, ఖాతాలు ఇంకా ఉన్నాయి. అక్క పిల్లల పేర్లు, వాళ్ల తాతగారి ఇంటిపేరు ఒకే పేజీలో ఉంటే ఆ ప్రశ్నకు జవాబు అక్కడే దొరికినట్టు. యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ కూడా బతికున్నవాళ్లకే వర్తిస్తుంది, పోయినవాళ్లకు కాదు. అంటే పెద్దనాన్న పేజీలో ఆ చట్టం కాపాడే మనిషి ఎవరైనా ఉంటే అది అక్కే.

నా కోపం ఆ సైట్ మీదే. నోట్ తీసేశాను, నా పేజీలో పోయింది. అప్పటికే ఇద్దరు ముగ్గురు దాన్ని తమ వృక్షాల్లోకి కాపీ చేసుకున్నారు. సైట్‌వాళ్లేమో, ఆ కాపీలు తీయించే అధికారం నాకు లేదన్నారు, కాపీ చేసుకున్నవాళ్లనే అడగాలట. అడిగాను. ఒకావిడ వెంటనే తీసేసింది, ఇంకొకరు ఇప్పటికీ పలకలేదు. అక్క వివరాలు అక్కడ అలాగే ఉన్నాయి.

గ్రాంప్స్‌లో నోట్‌కు విడిగా తాళం ఉండటం ఎంత విలువైనదో అప్పుడే తెలిసింది. ఇప్పుడు నోట్స్ అన్నిటికీ ముందే తాళం వేసి, ఒక్కొక్కటీ చదివాకే తీస్తున్నాను. ఫొటోల కింద రాసిన పేర్లకూ అదే పద్ధతి. పని చాలా ఎక్కువే. మా కుటుంబంలో ఈ లెక్కలు చూసేది నేనొక్కదాన్నే, పైగా తీరిక ఉంది, కాబట్టి నాకు కుదురుతోంది. నలుగురు కలిసి ఆన్‌లైన్‌లోనే వృక్షం నడిపే ఇంట్లో ఇలా ఇంట్లోని కంప్యూటర్‌లో తాళాలు వేసుకుంటూ కూర్చోవడం కుదరకపోవచ్చు. అలాంటివాళ్లకు గ్రాంప్స్ వాడమని గట్టిగా చెప్పలేను. ఒక్కరే చూసుకునేవాళ్లకైతే నిస్సంకోచంగా చెబుతాను, ఫైల్ బయటికి పంపే ముందు నోట్స్ చదివే ఓపిక ఉంటేనే.