పదకొండేళ్లుగా నా ఆస్టిన్ సెవెన్ స్వాలో: ఒళ్లొకరిది, సోకొకరిది

మా అమ్మ రాజమండ్రి నుంచి వచ్చినప్పుడు నా కారు చుట్టూ ఒకసారి తిరిగి, "ఒరే, ఇది బొమ్మలకొలువులో పెట్టేదిరా, ఎక్కేది కాదు" అంది. ఈ 1930 నాటి బుల్లి బ్రిటిష్ కారుని, స్వాలో సెలూన్‌ని (సెలూన్ అంటే పైకప్పుతో మూసి ఉండే కారు), పదకొండేళ్లుగా నడుపుతున్నాను. ఆవిడ మాట సగం నిజమే.

ఇంజను, ఛాసిస్ (అడుగున ఉండే ఇనుప చట్రం) ఆస్టిన్ కంపెనీవి. అందమంతా స్వాలో అనే బాడీలు చేసే కంపెనీది. ఇంగ్లండ్‌లోని బ్లాక్‌పూల్‌లో సైడ్‌కార్లు చేసుకునే దాని యజమానులు విలియం లయన్స్, విలియం వామ్స్లీ 1927లో ఆస్టిన్ సెవెన్‌కి సొంత బాడీ తొడిగి 175 పౌండ్లకు అమ్మారు. మరుసటేడు సెలూన్ వచ్చింది. లండన్ డీలర్లు హెన్లీస్ ఏకంగా 500 బళ్లు అడిగారు. రైల్లో దిగిన ఛాసిస్‌లు బ్లాక్‌పూల్ స్టేషన్లో గుట్టలు పడి స్టేషన్‌మాస్టర్ మొత్తుకున్నాడట. చోటు చాలక 1928 చివర్లో కొవెంట్రీకి, అంటే ఇప్పుడు నేనుండే ఊరికే, మకాం మార్చారు. తర్వాత జాగ్వార్ అయింది వీళ్లే.

బానెట్ మీద రెండు రంగులు కలిసే గీత కలం పాళీలా రేడియేటర్ వైపు సన్నబడుతుంది. ఇన్నేళ్లయినా గ్యారేజీ తలుపు తీయగానే నా చూపు ముందు అక్కడికే పోతుంది.

రేకు అల్యూమినియం, తుప్పు పట్టదు. బాడీ లోపలి చట్రం మాత్రం యాష్ అనే చెట్టు కలప. మూడో చలికాలంలో డ్రైవర్ తలుపు పైకెత్తితే తప్ప పడటం మానేసింది. లైనింగ్ ఊడదీసి చూస్తే, తలుపును మోసే కలప స్తంభం అడుగుభాగం వేలితో నొక్కగానే టీలో నానిన రస్కులా రాలింది. ఒక షాపువాడు పుట్టీ కుక్కి రంగేసి డబ్బు పట్టుకుపోయాడు. రెండేళ్లకు మళ్లీ అదే కథ. చివరికి ఓ వడ్రంగి పుచ్చిన ముక్క కోసేసి కొత్త యాష్ అతికాడు. ఇప్పుడు తలుపు ఒక్క వేలితో పడుతుంది.

నడపడమా? 747 సీసీ, మూడు గేర్లు. వాటర్ పంపు లేదు, వేడెక్కిన నీళ్లు వాటంతటవే పైకెక్కి తిరుగుతాయి. క్లచ్ పెడల్ కదలిక గోరంత. మొదటి నెలంతా సిగ్నల్ దగ్గర కప్పగంతులే. బ్రేకు మీద నమ్మకం పెట్టుకోను, ముందు బండికి నాలుగు బళ్ల దూరం వదులుతాను.

ఆస్టిన్ సెవెన్లు మూడు లక్షలకు దగ్గరగా తయారయ్యాయి, కాబట్టి ఇంజను సామాను ఇప్పటికీ దొరుకుతుంది. స్వాలోలు సుమారు 3,500 మాత్రమే. బాడీకి సంబంధించి ఏది పోయినా చేయించుకోవాల్సిందే.

కొనాలనుకుంటే ఇంజను స్టార్ట్ చేయమని తర్వాత అడగండి. ముందు తలుపు సగం తెరిచి, అంచు పట్టుకుని పైకెత్తి చూడండి.