బ్యాంకాకా, సైగానా? దంపతుల సాహసయాత్రకు ఏది మేలు?

పెళ్లయిన కొత్తలో కావచ్చు, పిల్లలు పైచదువులకు వెళ్లిపోయి ఇల్లు బోసిపోయిన తరువాత కావచ్చు, భార్యాభర్తలిద్దరే నాలుగైదు రోజులు ఎటైనా వెళ్లిరావాలనుకున్నప్పుడు మనలో చాలామందికి ముందుగా తోచేది సముద్రతీరమో, చల్లని కొండ ఊరో. మేము మాత్రం రెండుసార్లూ జనంతో కిక్కిరిసిన మహానగరాలనే ఎంచుకున్నాము. ఒకసారి బ్యాంకాక్ వెళ్లాము, మరోసారి వియత్నాంలోని హో చి మిన్ సిటీ వెళ్లాము. 1976లో అధికారికంగా పేరు మారినా అక్కడివారి నోట ఇప్పటికీ సైగాన్ అనే మాటే వినిపిస్తుంది కాబట్టి నేనూ ఆ పేరే వాడతాను. ఈ రెండింటిలో ఏది మేలని బంధువులు అడిగినప్పుడల్లా నేను వారినే తిరిగి ఒక ప్రశ్న అడుగుతాను: మీ ఇద్దరిలో ఎవరికి దేనికి భయం? జవాబు దాన్ని బట్టే ఉంటుంది.

రెండు నగరాల్లోనూ సాహసానికి కొదవ లేదు. అయితే బ్యాంకాక్‌లో అది మనమే వడ్డించుకునే భోజనం వంటిది; ఎంత కావాలో అంతే పెట్టుకోవచ్చు, చాలనుకుంటే లేచిపోవచ్చు. సైగాన్‌లో మనం కూర్చునేసరికే విస్తరి నిండి ఉంటుంది. దీనికి ముఖ్యకారణం రవాణా. బ్యాంకాక్‌లో స్కైట్రైన్ 1999 నుంచి, భూగర్భ మెట్రో 2004 నుంచి నడుస్తున్నాయి. వీధిలో ఎండ, రద్దీ, హోరు భరించలేమనిపించిన క్షణంలో మెట్లెక్కి చల్లని రైలులో కూర్చోవచ్చు. సైగాన్‌లో మొదటి మెట్రో మార్గం 2024 డిసెంబరులో గాని ప్రారంభం కాలేదు. బెన్ థాన్ నుంచి సువోయ్ తియెన్ వరకు సుమారు 20 కిలోమీటర్ల ఆ ఒక్క మార్గాన్ని పక్కన పెడితే, ఎక్కడికి వెళ్లాలన్నా రోడ్డు మీదికి దిగాల్సిందే. అక్కడి రోడ్డంటే మోటారుసైకిళ్ల ప్రవాహం.

ఆ రోడ్డు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మొదటి రోజు ఉదయం బెన్ థాన్ మార్కెట్ ఎదుట అవతలి వైపుకు దాటడానికి మేము పది నిమిషాలు నిలబడ్డాము. హైదరాబాద్‌లో ఇరవై ఏళ్లుగా రోడ్లు దాటుతున్న మాకే అడుగు ముందుకు పడలేదు. మన దగ్గర సందు దొరికే వరకు ఆగి దాటుతాము. అక్కడ సందు అనేదే ఉండదు. ఇంతలో భుజాన కావడితో పండ్లు మోసుకుపోతున్న ఒకావిడ మా పక్కనుంచి రోడ్డు మీదికి దిగి, తల తిప్పకుండా, వేగం పెంచకుండా, తగ్గించకుండా ఒకే తీరున నడుస్తూ వెళ్లిపోయింది. బళ్లు ఆమెకు ముందు నుంచి కొన్ని, వెనుక నుంచి కొన్ని పాయలుగా చీలి సాగిపోయాయి. కిటుకంతా అదే. మన నడక ఒకే తీరున ఉంటే, ఎటు తప్పుకోవాలో బండి నడిపేవాడికి ముందే తెలుస్తుంది. ఆగినా, పరుగెత్తినా, వెనక్కి అడుగు వేసినా ఆ లెక్క తప్పుతుంది. కార్లు, బస్సులు మాత్రం అలా పక్కకు తప్పుకోలేవు కాబట్టి అవి వస్తున్నప్పుడు దిగకూడదు.

ఇద్దరు చేతులు పట్టుకుని దాటేటప్పుడు ఈ పద్ధతి మరింత కష్టమవుతుంది. రోడ్డు మధ్యలో నేను భయపడి మావారి చేతిని వెనక్కి లాగాను. ఆ ఒక్క క్షణం ఆగినందుకే మూడు బళ్లు మా చుట్టూ బ్రేకులు వేశాయి. ఆయన కోప్పడలేదు గాని, ఆ సాయంత్రం వరకు చేయి పట్టుకోకుండా పక్కపక్కన నడవడమే మేలనుకున్నాము. మూడో రోజుకు గాని నా నడక కుదురుకోలేదు. రోడ్డు భయం ఉన్న మనిషికి సైగాన్‌లో తప్పించుకునే దారి లేదని నేను చెప్పడానికి కారణం ఈ అనుభవమే.

యాప్‌లో పిలిచే బైకు టాక్సీ మరో పరీక్ష. ఒక బైకు మీద ఒక్కరినే ఎక్కించుకుంటారు కాబట్టి దంపతులు రెండు బైకుల మీద విడివిడిగా వెళ్లాలి. ముందు వెళుతున్న ఆకుపచ్చ హెల్మెట్లలో మావారిది ఏదో పోల్చుకుంటూ కూర్చున్న ఆ పావుగంట నాకు ఎంత ఆందోళనగా గడిచిందో, దిగిన తరువాత అంత ఉల్లాసంగా అనిపించింది. బ్యాంకాక్‌లోనూ నారింజరంగు చొక్కాలు వేసుకున్న బైకు టాక్సీవారు ప్రతి సందు మొదట్లో ఉంటారు. అయితే అక్కడ ఎక్కడం మన ఇష్టం.

సొంతంగా బండి అద్దెకు తీసుకోవాలనుకునేవారు ఒక విషయం తప్పక తెలుసుకోవాలి. థాయిలాండ్‌లో మనలాగే ఎడమవైపున నడుపుతారు, వియత్నాంలో కుడివైపున నడుపుతారు. అంతకంటే ముఖ్యమైన తేడా అనుమతిపత్రంలో ఉంది. మన దేశంలో ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ 1949 నాటి జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చేది. థాయిలాండ్ దాన్ని గుర్తిస్తుంది. వియత్నాం 1968 నాటి వియన్నా ఒప్పందం కిందికి వచ్చే పర్మిట్లనే గుర్తిస్తుంది కాబట్టి మన పర్మిట్ అక్కడ చెల్లదు. బండి అద్దెకిచ్చేవారు ఇదేమీ అడగరు. ప్రమాదం జరిగి బీమా కోసం వెళ్లినప్పుడు గాని దాని బరువు తెలియదు. అందువల్ల సైగాన్‌లో వెనుక సీటే మంచిదని నా గట్టి అభిప్రాయం.

నీటి విషయానికి వస్తే బ్యాంకాక్‌కు సాటి లేదు. చావ్ ఫ్రాయా నది మీద తిరిగే పెద్ద పడవలు అందరికీ తెలిసినవే. నేను చెప్పేది నగరం నడిబొడ్డున పారే సేన్ సేప్ కాలువ గురించి. 19వ శతాబ్దంలో థాయ్ రాజు మూడో రామా కాలంలో తవ్విన ఈ కాలువలో ఇప్పటికీ ఉద్యోగులు పడవల మీదే పనులకు వెళుతుంటారు. పడవ రేవులో ఆగేది కొన్ని క్షణాలే. తాడు పట్టుకుని అంచు మీదికి ఒక కాలు, లోపలికి మరో కాలు వేసి గెంతాలి. కూర్చోగానే పక్కవారు ఒక తాడు లాగుతారు, దానితో ప్లాస్టిక్ తెర పైకి లేస్తుంది. ఎదురు పడవ వచ్చినప్పుడు నల్లని కాలువ నీరు మొహాన పడకుండా అదే రక్షణ. టికెట్లు కొట్టేవారు హెల్మెట్లు పెట్టుకుని, పడవ వెలుపలి అంచు మీద పక్షుల్లా నడుస్తూ వస్తారు, వంతెన రాగానే వంగుతారు. పడవ కప్పు కూడా వారితో పాటే కిందికి దిగుతుంది. చిల్లర డబ్బులతో ఇంతటి అనుభవం మరో నగరంలో మాకు దొరకలేదు. సైగాన్‌లోనూ నది మీద వాటర్ బస్సు ఉంది; సూర్యాస్తమయ వేళ బాగుంటుంది, అంతకుమించి చెప్పుకోవడానికి లేదు.

నగరం అంచుకు వెళ్లి చేసే సాహసాల్లో రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. బ్యాంకాక్‌లో నది పెద్ద వంపు తిరిగే చోట బాంగ్ క్రాచావ్ అనే పచ్చని ప్రాంతం ఉంది. క్లోంగ్ తోయి రేవు నుంచి చిన్న పడవలో అవతలి ఒడ్డుకు చేరి సైకిళ్లు అద్దెకు తీసుకుంటే, నీటి కొబ్బరి పొదల మధ్య, బురదనేలకు ఎత్తుగా కట్టిన సన్నని సిమెంటు బాటల మీద తిరగవచ్చు. చాలాచోట్ల ఆ బాటలకు పిట్టగోడ ఉండదు. హ్యాండిల్ కొంచెం తడబడితే బురదలో పడతామన్న భయం అడుగడుగునా ఉంటుంది గాని, భయమేసిన చోట దిగి నడిపించుకుపోవచ్చు. వడ్డించుకునే భోజనమని నేనన్నది ఇటువంటి వాటి గురించే.

సైగాన్‌కు వాయవ్యంగా ఉన్న కూచీ సొరంగాలు వేరే కోవకు చెందుతాయి. ఫ్రెంచివారితో పోరాడిన 1940లలో మొదలై, అమెరికాతో యుద్ధకాలంలో సుమారు 250 కిలోమీటర్ల వరకు పెరిగిన ఆ సొరంగాల్లో కొంత భాగాన్ని సందర్శకుల కోసం వెడల్పు చేశారు. వెడల్పు చేసిన తరువాత కూడా నిలబడే వీలు లేదు. గొంతు కూర్చుని, కొన్నిచోట్ల చేతులు నేలకు ఆనించి పాకాలి. లోపల ఉక్క, మట్టివాసన, ముందున్న మనిషి వీపు తప్ప మరేమీ తెలియదు. దారిలో అక్కడక్కడ బయటికి మెట్లున్నాయి. రోడ్డు మీద నిబ్బరంగా నడిచిన మావారు మొదటి మెట్ల దగ్గరే బయటికి వెళ్లిపోయారు. రోడ్డు మీద వణికిన నేను చివరి వరకు పాకాను. ఎవరి ధైర్యం ఎక్కడ ఉంటుందో పెళ్లయి ఇన్నేళ్లయినా మాకు తెలియదు.

బయటికి వచ్చిన తరువాత ఉడికించిన కర్రపెండలం ముక్కలు, అద్దుకోవడానికి వేరుసెనగ, ఉప్పు కలిపిన పొడి పెట్టారు. సొరంగాల్లో ఉన్నవారికి అదే తిండి అని చెప్పారు. గోదావరి జిల్లాల్లో పుట్టిన నాకు ఆ రుచి కొత్తది కాదు; కాని ఆ దుంప తిని నెలల తరబడి చీకట్లో బతికినవారి గురించి వింటూ తింటే ముద్ద దిగడం కష్టమైంది. సరదా కోసం వెళ్లే దంపతులు ఈ బరువుకు సిద్ధపడి వెళ్లాలి. యుద్ధ అవశేషాల మ్యూజియాన్ని కూడా అదే రోజు పెట్టుకోవద్దని నా సలహా. సొరంగాల పక్కనే తుపాకీ కాల్చే మైదానం కూడా ఉంది. మేము అటు వెళ్లలేదు.

ఎత్తైన భవనాలు రెండు నగరాల్లోనూ ఉన్నాయి. సైగాన్‌లోని ల్యాండ్‌మార్క్ 81 ఎత్తు 461 మీటర్లు, బ్యాంకాక్‌లోని మహానఖోన్ ఎత్తు 314 మీటర్లు. అయితే మహానఖోన్ పైన గాజునేల మీద నిలబడి కాళ్ల కింద వీధిని చూడవచ్చు కాబట్టి ఎత్తు తక్కువైనా గుండె దడ అక్కడే ఎక్కువ.

తిండి దగ్గర మన నాలుకకు బ్యాంకాక్ చేరువ. వీధి పక్కన రోట్లో పచ్చి బొప్పాయి తురుము, మిరపకాయలు, వేరుసెనగ గుళ్లు, తాటిబెల్లం, నిమ్మరసం వేసి దంచే సోం తమ్ చూస్తే మన పచ్చడి గుర్తుకు వస్తుంది. కాని అందులో చేపల సాస్, ఎండురొయ్యలు పడతాయి. శాకాహారులు పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలున్న 'జే' దుకాణాలు వెతుక్కోవాలి. అక్కడ మాంసం, గుడ్డు, పాలు మాత్రమే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. వియత్నాంలో శాకాహారానికి మాట 'చాయ్' (chay). బోర్డు మీద ఆ మాట ఉన్న చోట నిశ్చింతగా తినవచ్చు. చాంద్రమాసంలో పాడ్యమికి, పున్నమికి చాలామంది శాకాహారమే తింటారు కాబట్టి ఆ రోజుల్లో ఇటువంటి చోట్ల సందడి ఎక్కువ. వంట కారంగా ఉండదు. వెంట ఆవకాయ తీసుకెళ్లినందుకు మేము సంతోషించాము.

డబ్బు, పత్రాల సంగతి క్లుప్తంగా చెబుతాను. వియత్నాంకు ఆన్‌లైన్‌లో ఈ-వీసా తీసుకోవాలి. ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు. థాయిలాండ్ 2023 నవంబరు నుంచి భారతీయులకు వీసా మినహాయింపు ఇస్తూ వచ్చింది గాని, ఈ నియమాలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే ముందు సరిచూసుకోవాలి. వియత్నాంలో 20,000 డాంగ్‌ల నోటు, 5,00,000 డాంగ్‌ల నోటు రెండూ నీలంగానే ఉంటాయి. రాత్రివేళ ఒకదానికి బదులు మరొకటి ఇచ్చేయడం సులభం. పెద్ద నోట్లు విడిగా పెట్టుకోవాలి. ఫోను రోడ్డు వైపు చేతిలో పట్టుకుని నడవకూడదు, బైకు మీద వచ్చి లాక్కుపోతారు. బ్యాంకాక్‌లో రాజప్రాసాదం దగ్గర ఈ రోజు మూసేశారని చెప్పి టుక్‌టుక్ ఎక్కించబోయేవారిని నమ్మకుండా నేరుగా ద్వారం వరకు వెళ్లి చూడాలి.

మొదటిసారి విదేశం వెళ్లే జంటకు, ముఖ్యంగా ఇద్దరిలో ఒకరికి రోడ్డంటే బెదురున్న జంటకు, నేను బ్యాంకాక్‌నే చెబుతాను. ఒకరు గాజునేల మీదికి వెళితే మరొకరు లుంపినీ పార్కులో చెరువుగట్టున తిరిగే పెద్ద ఉడుములను చూస్తూ కూర్చోవచ్చు, తరువాత రైలెక్కి కలుసుకోవచ్చు. నా మనసు మాత్రం సైగాన్ వైపే మొగ్గుతుంది. అక్కడ ఒకరిని వదిలి ఒకరు సాగలేకపోయాము; మావారు నాకు రోడ్డు దాటడం నేర్పారు, సొరంగంలో ఏముందో నేను ఆయనకు చెప్పాను.

రెండింటికీ వెళ్లే వీలుంటే, నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి లోపు, వియత్నాం కొత్త సంవత్సరమైన తెట్ రోజులు తప్పించి వెళ్లడం మంచిది; తెట్‌కు చాలా దుకాణాలు మూసేస్తారు. ఆ రెండు నగరాల మధ్య విమానప్రయాణం గంటన్నర. ముందు బ్యాంకాక్‌లో మూడు రోజులు ఉండి కాళ్లకు, చెవులకు అలవాటు చేసుకుని, తరువాత సైగాన్‌లో దిగాలి. దిగిన రోజు సాయంత్రం మరేమీ పెట్టుకోకుండా, ఏదైనా వీధి మలుపులో పొట్టి ప్లాస్టిక్ స్టూళ్ల మీద కూర్చుని, గట్టిపాలు (కండెన్స్‌డ్ మిల్క్) వేసిన చల్లని కాఫీ తాగుతూ, స్థానికులు రోడ్డు ఎలా దాటుతున్నారో ఒక అరగంట ఇద్దరూ చూడాలి.