పాత ఈఎక్స్‌టీ3 డిస్కు: అలాగే ఉంచాలా, ఉన్నచోటే మార్చాలా, మళ్లీ ఫార్మాట్ చేయాలా?

మా ఇంటి పెళ్లిళ్ల మినీ డీవీ టేపులన్నీ ఎక్కించి పెట్టుకున్న 500 జీబీ డిస్కు ఒకటుంది. ఫార్మాట్ ఈఎక్స్‌టీ3, అంటే లైనక్స్‌లో ఫైళ్లని డిస్కు మీద అమర్చే పాత పద్ధతి (ఫైల్ సిస్టమ్). గంట టేపు దాదాపు 13 జీబీ ఫైలవుతుంది. ఈమధ్య పొరపాటున రెండుసార్లు ఎక్కిన ఒక ఫైలు తీసేయబోతే టెర్మినల్ అలాగే ఆగిపోయింది, చాలాసేపటికి గానీ ప్రాంప్ట్ రాలేదు.

కారణం ఫార్మాట్‌లోనే ఉంది. ఈఎక్స్‌టీ3 ప్రతి 4 కేబీ బ్లాకు చిరునామానూ విడివిడిగా రాసుకుంటుంది. ఇనోడ్‌లో (ఒక్కో ఫైలు వివరాలుండే చిన్న రికార్డులో) నేరుగా పట్టేవి 12 చిరునామాలే. 13 జీబీ ఫైలుకి 31 లక్షల పైచిలుకు బ్లాకులు కావాలి. వాటి చిరునామాలు దాచడానికే ఇంకో 3,100 బ్లాకులు పడతాయి. ఫైలు తీసేయాలంటే అవన్నీ చదవాల్సిందే. దీని తర్వాతి తరమైన ఈఎక్స్‌టీ4లోని ఎక్స్‌టెంట్ పద్ధతిలో ‘ఇక్కడ మొదలు, వరసగా ఇన్ని’ అని ఒక్క పద్దు రాస్తే 128 ఎంబీ దాకా సరిపోతుంది. చోటు వరసగా దొరికితే అదే ఫైలు వంద పద్దుల్లో అయిపోతుంది.

మారదాం సరే, ఎలా?

అలాగే ఉంచేసినా ఇబ్బంది లేదు. 2015లో లైనక్స్ కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) 4.3 నుంచి ఈఎక్స్‌టీ3 డ్రైవర్‌ని విడిగా ఉంచడం మానేశారు. ఈఎక్స్‌టీ4 డ్రైవరే పాత డిస్కుల్నీ చదువుతుంది, రాస్తుంది. పాత మెషీన్‌కీ కొత్త మెషీన్‌కీ మధ్య తిరిగే డిస్కయితే దీన్ని మించిన దారి లేదు. ఫైలు తీసేయడంలో ఆ ఆలస్యం ఎలాగూ ఉంటుంది, అది కాక లోటల్లా తేదీల దగ్గర. ఆ రోజుల డిస్కుల్లో ఇనోడ్ 128 బైట్లుండటం మామూలు. అందులో తేదీలు 2038 జనవరి 19 దాటవు.

రెండోది ఉన్నచోటే మార్చడం. ఫైల్ సిస్టమ్ అమరికలు మార్చే ట్యూన్2ఎఫ్‌ఎస్‌తో ఎక్స్‌టెంట్స్ ఫీచర్ ఆన్ చేసి, తప్పులు సరిచూసే ఈ2ఎఫ్‌ఎస్‌సీకే ఒకసారి నడిపితే పని అయిపోతుంది. చూడ్డానికి సులువు. నాకు మాత్రం ఈ దారి మీదే అభ్యంతరం.

సూపర్‌బ్లాక్‌లో (ఫైల్ సిస్టమ్ మొత్తం వివరాలుండే చోట) ఫీచర్ల జెండాలు మూడు రకాలు. మొదటి రకం తెలియకపోయినా పాత కెర్నల్ డిస్కుని మౌంట్ చేసేస్తుంది (వాడకానికి తెరుస్తుంది). జర్నల్ (చేయబోయే మార్పుల చిట్టా) ఆ రకమే, అందుకే సరిగ్గా అన్‌మౌంట్ చేసిన ఈఎక్స్‌టీ3ని ఇంకా పాతదైన ఈఎక్స్‌టీ2 డ్రైవర్ కూడా తీసుకునేది. రెండో రకం తెలియకపోతే చదవనిస్తుంది, రాయనివ్వదు. మూడో రకం తెలియకపోతే అసలు ముట్టుకోదు. ఎక్స్‌టెంట్స్ ఈ మూడో రకం. 2008 చివర్లో కెర్నల్ 2.6.28తో ఈఎక్స్‌టీ4 స్థిరపడింది. ఆ సంగతి తెలియని పాత కెర్నల్‌కి జెండా లేచాక మీ డిస్కు కనపడనట్టే. ఆ జెండాని ట్యూన్2ఎఫ్‌ఎస్ మళ్లీ దించదు కూడా.

పోనీ అంత తెగించి చేసినందుకు దక్కేదేమిటంటే, కొత్తగా రాసే ఫైళ్లకే ఎక్స్‌టెంట్లు. పాత పెళ్లి వీడియోలు పాత చిరునామాల జాబితాతోనే ఉంటాయి. ఫైళ్ల లక్షణాలు చూపే ఎల్‌ఎస్‌ఏటీటీఆర్ కొట్టి చూడండి, పాత ఫైళ్ల పక్కన (ఎక్స్‌టెంట్లకి గుర్తయిన) ‘e’ అనే అక్షరం ఉండదు. ఇనోడ్‌ని 256 బైట్లకి పెంచే వీలుంది గానీ, ఆ పని నడుస్తుండగా కరెంటు పోతే ఫైల్ సిస్టమే దెబ్బతినొచ్చు. వెనక్కి వెళ్లే దారి మూసుకుపోయింది, ఉన్న డేటాకి ఒరిగింది లేదు. అదనపు డిస్కు ఏ రకంగానూ దొరకనివాళ్లకి తప్ప ఇది నేను చెప్పను.

మూడోది: ఇంకో డిస్కులోకి కాపీ చేసి, కొత్తగా ఈఎక్స్‌టీ4 ఫార్మాట్ చేసి తిరిగి పోయడం. ఒక రోజు పడుతుంది. కానీ ప్రతి ఫైలూ ఎక్స్‌టెంట్లతో పడుతుంది, 256 బైట్ల ఇనోడ్‌తో 2038 బెంగ తీరుతుంది, పాత డిస్కు చెరిపేదాకా వెనక్కి రావచ్చు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్ వాళ్లకి పాత వీ4 రూపం నుంచి కొత్త వీ5కి రావాలంటే ఉన్నది ఈ ఒక్క దారే.

ఇక్కడా ఒక మెలిక ఉంది. ఈ పనిముట్లన్నీ కలిసుండే ఈ2ఎఫ్‌ఎస్‌ప్రోగ్స్‌లో 2023లో వచ్చిన 1.47.0 ఫార్మాట్ చేసేటప్పుడు ఆర్ఫన్ ఫైల్ అనే ఫీచర్‌ని తనంతట తనే ఆన్ చేస్తుంది (కొన్ని డిస్ట్రిబ్యూషన్లు ఆపేశాయి). దాన్ని 1.46 నాటి ఈ2ఎఫ్‌ఎస్‌సీకే గుర్తుపట్టక, చెకింగ్ చేయనంటుంది. రెండూ ఈఎక్స్‌టీ4యే, అయినా పేచీ. పాత ఇన్‌స్టాలేషన్‌తో పనున్న డిస్కుకి ఫార్మాట్ చేసేటప్పుడే ఆ ఫీచర్ తీసేయండి. డంప్‌ఈ2ఎఫ్‌ఎస్‌కి మైనస్ హెచ్ ఇస్తే ఏమేం ఆన్‌లో ఉన్నాయో ఒక వరసలో కనిపిస్తాయి.

నేను మూడోదే చేశాను. ఆర్‌సింక్‌తో కాపీ చేసి, రెండువైపులా ఎస్‌హెచ్‌ఏ256 చెక్‌సమ్‌లు (ఫైళ్ల వేలిముద్రల్లాంటివి) సరిచూసుకున్నాకే ఫార్మాట్ కొట్టాను. ఇంకా ఎక్కించాల్సిన టేపులు 11 ఉన్నాయి. వాటిని ఎక్కించే ఫైర్‌వైర్ కార్డు పాత కెర్నల్ ఉన్న మెషీన్‌లోనే పనిచేస్తుంది గనక, ఆ మెషీన్‌కని చిన్న డిస్కు ఒకటి ఈఎక్స్‌టీ3గానే ఉంచాను.